పెరి, పరి, చుట్టూ

జీఆర్‌ఈ రాసే పిల్లల కోసం అచ్చేసిన మాటల పుస్తకం ఒకటి ఈ వారం చేతికొచ్చింది. తెరవగానే ఒళ్లు మండింది. ‘పెరి’తో మొదలయ్యే అరుదైన ఇంగ్లిష్ మాటలు పేజీ నిండా ఉన్నాయి: పెరిజీ, పెరిహీలియన్, పెరికార్డియం, పెరివింకిల్, పెరిపటెటిక్, పెరిపెటియా. ఒక్కోదాని పక్కన ముక్తసరిగా ఒక అర్థం. వీటిలో చాలావాటి మొదట ఒకే ఉపసర్గ ఎందుకుందో, దాని అర్థమేమిటో చెప్పే వాక్యం ఒక్కటీ లేదు. పిల్లలు ఎక్కాల్లా వల్లె వేయాలి, పరీక్షలో అప్పజెప్పాలి, బయటికొచ్చి మర్చిపోవాలి.

మాటను విప్పి చూపకుండా బట్టీ పట్టించడం మీద నాకున్న కోపం ఈ శీర్షిక చదివేవారికి కొత్త కాదు. అయినా మళ్లీ చెబుతాను.

‘పెరి’ గ్రీకు ఉపసర్గ. ‘చుట్టూ’ అని అర్థం, కొన్నిచోట్ల ‘దగ్గరగా’ అని. సంస్కృతం నుంచి మనకొచ్చిన ‘పరి’కి తోబుట్టువు. పరిసరాలు, పరిధి, పరివారం, అన్నిటిలోనూ ఏదో ఒకటి చుట్టూ ఉంది. చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడికి పరివేషమని పేరు. పెళ్లిని పరిణయమనడంలో వధువును అగ్నిహోత్రం చుట్టూ నడిపించడం ఉంది. పెరిమీటర్‌లోని కొలత, పరిమితిలోని కొలత ఒకే ధాతువు సంతానం. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో కలకత్తాలో విలియం జోన్స్ చెప్పింది ఇలాంటి పోలికలు చూసే.

అచ్చతెలుగుకు ఉపసర్గల అలవాటు లేదు. గుండె చుట్టూ, గుడి చుట్టూ అంటాం. మన ‘చుట్టూ’ మాట వెనకే నడుస్తుంది. అయినా సంస్కృతం పుణ్యమా అని ‘పరి’ మన పిల్లల నాలుక మీద ఉండనే ఉంది. దాన్ని చూపించి ‘పెరి’ దగ్గరికి తీసుకెళ్లడానికి పంతులుకు ఎంతసేపు పడుతుంది?

అన్నిటికంటే నాకు ఇష్టమైనది పెరిహీలియన్. భూమి తన కక్ష్యలో సూర్యుడికి అన్నిటికంటే దగ్గరగా వచ్చే చోటు అది. ఏటా జనవరి మొదట్లో, మనం దుప్పట్లు కప్పుకునే రోజుల్లో, సూర్యుడు దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. జులై మొదట్లో 15.2 కోట్లకు జరుగుతాడు, అది అఫీలియన్. చలికీ ఎండకూ కారణం ఈ దూరం కాదు, భూమి ఇరుసు వాలి ఉండటం. తెలుగు మీడియంలో భూగోళం చదివినవారికి ఈ రెండూ పరిహేళి, అపహేళి. అఫీలియన్‌లోని ‘అపో’కు ‘అప’, ‘పెరి’కి ‘పరి’ సరే. ఈ హేళి ఎవరు?

హేళి అంటే సూర్యుడే. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహజ్జాతకంలో గ్రహాలకున్న పేర్లు చెబుతూ సూర్యుణ్ని హేళి అన్నాడు, కుజుణ్ని ఆర అన్నాడు, శుక్రుణ్ని ఆస్ఫుజిత్తు అన్నాడు. గ్రీకుల హీలియోస్, ఏరీస్, అఫ్రొడైటీలే వీళ్లు. యవనుల జ్యోతిషంతో పాటు ఆ పేర్లూ మన దేశానికి వచ్చి సంస్కృతంలో కలిసిపోయాయి. ఆ తర్వాత వెయ్యేళ్లకు కెప్లర్ గ్రీకు ముక్కలు రెండు కలిపి పెరిహీలియన్ అనే మాట చేశాడు. దానికి మనం పెట్టుకున్న ‘పరిహేళి’లో ముందు సగం గ్రీకుకు పుట్టుకతో చుట్టం, వెనక సగం గ్రీకు నుంచి తెచ్చుకున్న అప్పు. ఎన్నిసార్లు తలుచుకున్నా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇదంతా జీఆర్‌ఈకి చదువుతున్న మా మేనకోడలి కూతురికి చెప్పాను. శ్రద్ధగా విని, పేజీలో ఒక మాట మీద వేలు పెట్టింది.

“మరి పెరివింకిల్ దేని చుట్టూ తాతగారూ?”

దేని చుట్టూ కాదు. మన బిళ్ళగన్నేరు అది. ఆ పేరు లాటిన్ ‘పెర్వింకా’ నుంచి వచ్చింది, ‘పెరి’ కాదు. పెరిల్, పెరిష్ కూడా కావు. రోజూ బళ్లో గంట కొట్టే పీరియడ్‌లో మాత్రం గుర్తుపట్టలేనట్టుగా పెరి కూర్చుని ఉంది. చుట్టి వచ్చే దారి అని దాని మొదటి అర్థం.

“పెరిపెటియా?”

పెరి, ఆపైన పడటం. మన పతనంలోని ధాతువే. రెండూ కలిపితే ‘చుట్టూ పడటం’. దాంతో ఏం తెలిసింది? అరిస్టాటిల్ దగ్గరికి వెళ్లాల్సిందే. ఆయన ఉదాహరణగా చూపిన నాటకంలో, తల్లిదండ్రుల విషయంలో ఈడిపస్‌కున్న భయం పోగొట్టాలని దూత వస్తాడు. నిన్ను పెంచినవాళ్లకు నువ్వు పుట్టినవాడివి కావని చెబుతాడు. ఆ ఊరడింపుతోనే పుట్టుక గుట్టు బయటపడి ఈడిపస్ బతుకు కూలిపోతుంది. తలపెట్టినదానికి ఎదురు తిరిగే ఆ మలుపు పెరిపెటియా. ఈ కథ తెలియనివాడు మాటను ఎన్ని ముక్కలు చేసినా అర్థం చేతికి రాదు. మన పరిభవమూ అంతే. ‘పరి’నీ ‘భవం’నీ విడదీసినవాడికి అందులో అవమానం కనబడుతుందా?

పెరికార్డియం దగ్గరికి వస్తే ఆ పిల్లే అందుకుంది. “అది నాకు తెలుసు. నాన్న ఎకో రిపోర్టులో ఉంది కదా. గుండె చుట్టూ నీరు చేరిందని డాక్టరు బొమ్మ గీసి చూపించారు.”

ఆ మాట ఆమెకు ఉపసర్గ చెప్పలేదు, పుస్తకమూ చెప్పలేదు. ‘పెరి’ అంటే చుట్టూ అని నేను అన్నప్పుడు ముఖం వెలిగింది నిజమే. అప్పటికే ఒక మాట పూర్తిగా తన సొంతమై ఉండబట్టి వెలిగింది. పేజీ నిండా కొత్త మాటలు పరిచి పైన ‘పెరి అనగా చుట్టూ’ అని ఒక వాక్యం అచ్చేస్తే చాలదు. నేను ఇన్నాళ్లూ అడుగుతూ వచ్చిన ఆ వాక్యం కంటే ముందు అక్కడ ఉండాల్సింది వేరే.

పెరిజీనే తీసుకోండి. 2023 జులై 14న శ్రీహరికోట నుంచి చంద్రయాన్-3 ఎగిరింది. మొదట చేరిన కక్ష్యలో అది భూమికి 170 కిలోమీటర్ల దగ్గరకు వచ్చేది, 36,500 కిలోమీటర్ల దూరం పోయేది. దగ్గరి కొస పెరిజీ, దూరపు కొస అపోజీ. పెరిజీ దగ్గర పలుమార్లు ఇంజన్ మండించి వేగం పెంచుతూ, అపోజీని ఇంకా ఇంకా దూరం నెట్టి, చివరికి చంద్రుడి దారి పట్టించారు. ఆ పుస్తకంలో పెరిజీ పక్కన ఈ సంగతి వేయాలి, పేజీకి రెండు మాటలే పట్టినా సరే.