భారతం మిట్ట మీద దుర్యోధనుడు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్లలో తరచుగా ఒక భారతం మిట్ట కూడా కనిపిస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు దాని మీద మేకలు తిరుగుతాయి, పిల్లకాయలు బంతాట ఆడుకుంటారు. మహాభారతం ఆడే గుడి తిరునాళ ఆఖరున మాత్రం ఆ నేల మీద ఒక మహాకాయుడు వెల్లకిలా పడి ఉంటాడు. చాలాచోట్ల 30, 40 అడుగుల మనిషి. ఊరి స్తోమతు, పంతం కలిస్తే ఇంకా పొడవు. నెత్తిన కిరీటం, కోరమీసం, రెప్ప వాలని కళ్లు, రొమ్ము మీద హారాలు. ఒళ్లంతా మట్టి. మట్టి మీద తెలుపు, పసుపు, ఎరుపు, నలుపు. దుర్యోధనుడు.

మన ఊళ్లలో విగ్రహం అంటే కూడలిలో దిమ్మె మీద నిలబడేది. చెయ్యి చాపి ఎటో చూపిస్తూ ఉంటుంది. ఆవిష్కరణ అయిపోయాక దాని ముఖం చూసేవాడుండడు. పడుకున్న బొమ్మ సంగతి వేరు. ఒకచోట నిలబడి దాన్ని మొత్తంగా చూడటం కుదరదు. పాదాల దగ్గర ఉంటే ముందు అరికాళ్లు, వాటి వెనక గుట్టల్లా తొడలు, ఎక్కడో దూరాన మీసం కొస. తల దగ్గరికి పోతే ముఖం తలకిందులు. అందుకని చుట్టూ నడవాలి. నడిచేవాడికి తెలియకుండానే అది ప్రదక్షిణం అయిపోతుంది. పగవాడికి ప్రదక్షిణం! భారతం మిట్ట మీది రసమంతా ఈ వింతలోనే ఉందని నా నమ్మకం.

బొమ్మ చేసేవాళ్ల పనితనం ముఖంలో కనబడుతుంది. ఒంటికి మట్టి కుప్పపోసి, తడిపి, చేతులతో చరిచి ఆకారం తెస్తారు. అక్కడ మోటుతనం ఉన్నా పర్వాలేదు. కళ్ల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదిస్తుంది. ఆ కళ్లు జనాన్ని చూడవు, చూడలేవు. వాటికి ఎదురుగా ఉన్నది ఆకాశం ఒక్కటే. భయపెట్టాలని గీసిన కళ్లు నేల మీద పడుకునేసరికి దిక్కుతోచని కళ్లవుతాయి. చేసినవాళ్లు ఇది అనుకొని చేశారా అంటే చెప్పలేను. అడిగితే నవ్వి, భారతంలో అంతే కదా అంటారు. బాగా కుదిరిన బొమ్మలో తొడలకు మాత్రం కొలత మించిన బరువుంటుంది. కథ ఆగేది అక్కడ.

అక్కడిదాకా రావడానికి 18 రోజులు పడుతుంది. పగలు భాగవతార్ హరికథగా భారతం చెబుతాడు. విన్న కథే రాత్రికి వేషం కట్టుకొని వీధి నాటకంగా వస్తుంది. ఇద్దరు పట్టుకున్న తెర వెనక నుంచి ముందు కాళ్ల గజ్జెలు వినబడతాయి, తరవాత కిరీటం కొన కనబడుతుంది, దరువు పూర్తయ్యాక గాని ముఖం చూపించరు. సరిహద్దు అవతలి తమిళ వీధి నాటకం తెరుక్కూత్తుకూ దీనికీ దగ్గరి చుట్టరికం. ధర్మరాజుల గుళ్లలో అమ్మవారైన ద్రౌపదమ్మ కొలువు తమిళనాడులో సెంజి చుట్టుపక్కల బాగా వేళ్లూనుకుంది. ఆల్ఫ్ హిల్టెబైటెల్ అనే అమెరికన్ పండితుడు దాని మీద 1988లో ఒకటి, 1991లో ఒకటి పెద్ద పుస్తకాలే రాశాడు. మనవైపు చంద్రగిరి, పుత్తూరు, శ్రీకాళహస్తి వంటి ఊళ్లు ఈ తిరునాళకు పేరుపడ్డవి. ఈ నేల కథకుడు గోపిని కరుణాకర్ తన కథల పుస్తకానికి పెట్టుకున్న పేరు కూడా 'భారతం బొమ్మలు'.

ఆ రోజుల్లో ఊరు ఊరుగా ఉండదు. బకాసుర వధ నాడు భీముడు కూటిబండి ఎక్కి వీధులన్నీ తిరుగుతాడు. మామూలు రోజుల్లో ఎరువు తోలే దారి ఏకచక్రపురం అవుతుంది. అర్జున తపస్సు నాడు మిట్ట మీద పొడుగాటి మాను పాతి, ఎక్కడానికి అడ్డకర్రలు కొట్టి, కొసన చిన్న మంచె కడతారు. అర్జున వేషధారి పద్యాలు పాడుతూ మెట్టుమెట్టుగా ఎక్కుతాడు. ఎక్కేకొద్దీ మనిషి చిన్నవాడవుతాడు, గొంతు పలచబడుతుంది, వినడానికి జనం తమంతట తామే సద్దు మాని తల ఎత్తుతారు. ఇన్ని వేల మెడల్ని ఒక్కసారిగా పైకెత్తించే రంగాలంకరణ ఏ నాటకశాలలో ఉంది? మాను మొదట్లో, పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిచీరలతో సాగిలపడి ఉంటారు. పై నుంచి విభూతి, పూలు, నిమ్మకాయలు పడతాయి. పైనున్నది నటుడా, అర్జునుడా అన్న ప్రశ్న కింద కొంగు పట్టిన తల్లికి లేదు.

ఈ మానుకూ చివరినాటి మట్టిబొమ్మకూ ఉన్న పొత్తు గమనించారా? అస్త్రం కోసం పాండవుడు నిలువునా ఆకాశంలోకి పోయాడు. రాజ్యం వదలనన్నవాడు అడ్డంగా నేలకు అంటుకున్నాడు. ఒకే మిట్ట మీద ఒకే తిరునాళలో ఈ రెండు గీతలూ గీసినవాళ్లకు కళాశాల చదువు అక్కర్లేదు.

చివరి రాత్రి యుద్ధం నాటకం తెల్లవార్లూ నడుస్తుంది. పొద్దు పొడిచాక ఆట అరుగు మీద ఆగదు. వేషాలతోనే మిట్టకు కదులుతుంది. రాత్రి దీపాల కింద మిలమిలలాడిన భుజకీర్తులు ఎండలో కొయ్యగా, తగరపు కాగితంగా తేలిపోతాయి. చెమటకు ముఖం రంగు చారలు కడుతుంది. వేషం వెలిసిపోయే వేళకు దుర్యోధనుడు తమ్ములు లేని, సైన్యం లేని ఒంటరి అయి ఉంటాడు. పాత్రకూ నటుడికీ ఒకే అలసట. దీన్ని ఎవరూ దర్శకత్వం వహించి సాధించలేరు.

ఇక గదాయుద్ధం. భీముడూ దుర్యోధనుడూ మట్టిబొమ్మ చుట్టూ తరుముకుంటారు, దాని మీదికి ఎక్కుతారు, దూకుతారు. ఒక దుర్యోధనుడు తన శవం లాంటి ఇంకో దుర్యోధనుడి మీద నిలబడి తొడ చరుస్తూ సవాలు విసరడం ఊహించుకోండి. కృష్ణుడు తన తొడ తట్టి సైగ చేస్తాడు. గద పైకి లేస్తుంది. దెబ్బ మట్టి తొడ మీద పడుతుంది. అందులో ముందే పెట్టిన ఎర్రనీళ్ల కుండ పగిలి నెత్తురు చిమ్ముతుంది.

రంగం మీద వధ చూపించరాదని మన నాట్యశాస్త్ర సంప్రదాయం. ధనంజయుడి దశరూపకం కూడా కళ్లకు నేరుగా చూపించకూడనివాటిలో వధను చేర్చింది. సంస్కృత పండితుడు గణపతిశాస్త్రి పుణ్యమా అని 1912 నుంచి అచ్చులోకి వచ్చిన భాస నాటకాల్లో ఊరుభంగం ఈ హద్దును సగం దాటింది. అందులో గదాయుద్ధాన్ని ముగ్గురు భటులు వర్ణించి చెబుతారే గాని మనకు చూపించరు. తొడలు విరిగిన దుర్యోధనుడు మాత్రం మన ఎదుటికే వచ్చి ప్రాణం విడుస్తాడు. పల్లె నాటకం ఇంకో దారి కనిపెట్టింది. మాట్లాడే దుర్యోధనుణ్ణి మనిషికిచ్చి, చచ్చే దుర్యోధనుణ్ణి మట్టికిచ్చింది. నటుడికి ఏమవుతుందో అన్న బెంగ లేదు గనక జనం కోపం మొహమాటం లేకుండా పూర్తిగా బయటికి వస్తుంది. జూదం రాత్రి నుంచి దాచుకున్న కసి అంతా ఆ ఒక్క దెబ్బలో తీరుతుంది. రౌద్రాన్ని అడుగంటా తాగించే ఉపాయం ఇంతకన్నా సులువైనది, లోతైనది నాకు తెలియదు.

ఆ ఎర్రనీళ్లతో ద్రౌపది జుట్టు ముడి వేసుకుంటుంది. కొన్ని ఊళ్లలో గుడిలోని అమ్మవారి ఉత్సవ విగ్రహాన్నే అక్కడికి తెస్తారు. మేళాలు హోరెత్తుతాయి. కథ అక్కడితో ఆపితే అది ఉత్త పగ తీర్చుకున్న పండగ. ఆపరు. ఆ హోరు తగ్గీతగ్గకముందే గాంధారి వస్తుంది. ఆడవేషం కట్టిన మగవాడి బొంగురు గొంతు, కొడుకు పేరు పెట్టి ఏడుపు. శాస్త్రీయంగా చూస్తే ఆ పాటలో శ్రుతి నిలవదు. కానీ ఇంట్లో పీనుగ లేచిన నాడు మన ఆడవాళ్లు ఏడ్చే వరసలోనే అది సాగుతుంది. కొన్నిచోట్ల చేతిలో చీపురు పట్టి తిట్టిపోస్తూ కొడుతుంది కూడా. ఆ దెబ్బ తింటే దోషం పోతుందని జనమే వీపు ఒగ్గుతారు. ఇందాక ఈలలు వేసినవాళ్లే కొంగుతో కళ్లు ఒత్తుకుంటారు. సంస్కృత భారతంలో తొడ విరిగి పడి ఉన్న దుర్యోధనుడు కృష్ణుణ్ణి నిలదీసి మాట్లాడాక, ఆకాశం నుంచి పూలవాన అతని మీదే కురుస్తుంది. వ్యాసుడి ఆ తీర్పు ఈ మిట్ట మీద ఏడ్చే పెద్దావిడకు ఎవరూ చదివి చెప్పి ఉండరు. చాలాచోట్ల ఆ బొమ్మ మట్టినే పిడికెడు మూటగట్టుకొని పోతారు, మేలు జరుగుతుందని. అంత శ్రమపడి చేసిన శిల్పం సాయంత్రానికి ఆనవాలు లేకుండా పోతుంది. ఏటేటా కొత్తగా చేయాల్సి రావడమే ఆ విద్యను బతికిస్తోంది.

మెచ్చుకోలేనివీ ఉన్నాయి. ఇప్పటి మైకుసెట్టు నాటకానికి శత్రువు. ఎత్తయిన మాను మీది గొంతు పలచగా వినబడటంలోనే అందం ఉంది. దాన్ని నాలుగు స్పీకర్లలో పెట్టి చెవి దగ్గర అరిపిస్తే మాను ఎందుకు? ద్రౌపది సభలో మొరపెట్టుకుంటుండగా ఆట ఆపి 116 రూపాయల చదివింపులు చదివే అలవాటు దుశ్శాసనుడి పనికి తక్కువేం కాదు. 1977 నాటి దానవీరశూరకర్ణ మాట విరుపు కొందరు వేషధారుల నాలుక మీదికి ఎక్కి దిగనంటోంది. సినిమా గొప్పదే, కానీ వీధి నాటకపు దుర్యోధనుడికి తన దరువు తనకుంది.

ఆ చివరి రోజు సాయంత్రమే అగ్నిగుండం. కంకణం కట్టుకొని పసుపు బట్టల్లో నిప్పులు తొక్కేవారి మీదే జనానికీ కెమెరాలకీ చూపు. అది భక్తి సంగతి, నేను దాని జోలికి పోను.

వేసవి మొదలుకొని ఆగస్టు దాకా ఒక్కో ఊరిలో ఒక్కోసారి ఈ తిరునాళ జరుగుతుంది. ఏ ఊళ్లో ఎప్పుడో తిరుపతి బస్టాండులో టీ కొట్టువాణ్ణి అడిగినా చెబుతాడు. చివరి రోజుకు వెళ్లండి. ఎండ ముదరకముందే మిట్ట చేరుకొని, బొమ్మ చుట్టూ ఒకసారి నడిచి, కాళ్ల వైపు చోటు పట్టుకోండి. తల వైపు నిలబడినవాళ్లకు దెబ్బ కనబడదు. గాంధారి ఏడుపు అయ్యేదాకా కదలకండి. ధర్మరాజు పట్టాభిషేకం మర్నాడుంటుంది. దానికి ఉండకపోయినా నష్టం లేదు.