సూర్యుడు కదలడు, వామనుడు పెరుగుతాడు

చిన్న కవితలో పోలిక ఎలా ఉండాలన్న చర్చ నలుగురు కవులు కూడినచోట తెగదు. బాగుందనడం తేలిక. ఎందుకు బాగుందో చెప్పడమే కష్టం. దానికి దారి చూపే పద్యం ఒకటి జనగామ జిల్లాలోనే ఉంది, బమ్మెర పోతన దగ్గర.

భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు పెరిగే ఆ పద్యం మత్తేభం. పాదానికి 20 అక్షరాలు, నాలుగే పాదాలు. వామనుడి ఎత్తెంతో పోతన చెప్పడు. సూర్యబింబాన్ని మాత్రం చూపిస్తాడు. ముందది గొడుగు. తర్వాత తలమీది రత్నం, చెవి కమ్మ, మెడలో నగ, దండకడియం, చేతి కంకణం, మొలగంట, కాలి అందె, చివరికి పాదాల కింది పీట. సూర్యుడు ఉన్నచోటే ఉన్నాడు. పెరిగింది వామనుడు.

ఈ నగలన్నీ అందానికేనా? వరుస మార్చి చూస్తే తెలుస్తుంది. కంకణం ముందొచ్చి కమ్మ తర్వాత వస్తే పెరిగినవాడు మళ్లీ కుంగిపోతాడు. ప్రతి నగా ఇక్కడ ఒక కొలగుర్తు.

‘నానీ’ అనే చిన్న కవితకు కవి ఎన్.గోపి గీసిన గిరి 20 నుంచి 25 అక్షరాలు. అంటే పోతన మత్తేభంలో దాదాపు ఒక్క పాదం. అంత ఇరుకులో పట్టేది ఒక్క పోలికే. అదీ పనిచేయకపోతే కవితే లేదు.

మహబూబాబాద్ జిల్లా చిన్నగూడూరులో 1925లో పుట్టిన దాశరథి రెండే మాటల్లో ఆ పని చేశారు. 1949 నాటి తన సంపుటికి ‘అగ్నిధార’ అని పేరు పెట్టారు. నిప్పుకూ ధారకూ పొసగదు. నిజాం జైలు గోడమీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషి కోపంలో మాత్రం రెండూ కలిశాయి. అది మండుతూనే పారింది.

మరి భూపాలపల్లి గనుల మీద రాసే కవితలో బొగ్గు ‘నల్లబంగారం’ అయితే? అరిగిన పోలికని కొట్టిపారేస్తే సరిపోదు. బంగారం అన్నాక గనిలోకి దిగే కార్మికుడు కనిపిస్తున్నాడా, మరుగున పడుతున్నాడా? మరుగున పడుతున్నాడు. ఆ మాటలో ధర వినిపిస్తుంది తప్ప చెమట లేదు.

ఈసారి కవి సమ్మేళనంలో చిన్న కవిత విన్నప్పుడు చప్పట్లకు ముందే ఎవరైనా లేచి అడగండి: ‘ఈ పోలిక తీసేస్తే ఏం పోతుంది?’ కవి జవాబు చెప్పేదాకా కూర్చోకండి.