పాత చప్టా పక్కన కొత్త అచ్చు

జగ్గయ్యపేట, నందిగామ మెట్ట ఊళ్ళలో సిమెంటుకు కొదవ లేదు. జయంతిపురంలో రామ్‌కో, ముక్త్యాలలో కేసీపీ ఇక్కడి సున్నపురాయి మీద నిలబడ్డ ఫ్యాక్టరీలే. అందుకే ఇంటిముందు సాదా చప్టా పాత అలవాటు. దాన్ని పెంచాల్సి వచ్చినప్పుడు కొత్త భాగానికి రాతిపలకల అచ్చు కావాలంటున్నారు ఇప్పుడు. 1950లలో కాలిఫోర్నియాలో బ్రాడ్ బౌమన్ రూపొందించిన పద్ధతి ఇది. పచ్చి కాంక్రీటు మీద రంగుపొడి చల్లి, అచ్చుచాపలు పరిచి అదుముతారు. అదమడం త్వరగానే పట్టుబడుతుంది. పాతదాని పక్కన కొత్తది అతుకులా కనపడకుండా చేయడమే కష్టం.

మంచి మేస్త్రి ముందు పాత చప్టాను కడిగిస్తాడు. దుమ్ము, నూనె మరకలు పోతేగానీ అసలు రంగు తేలదు. ఏళ్ళ తరబడి నడవగా పైపొర అరిగి ఇసుక రేణువులు బయటపడి ఉంటాయి, బూడిదరంగు వెలిసి ఉంటుంది. కొత్తది ఆరంభంలో ముదురుగానే ఉంటుంది, ఆరాక వారాలపాటు రంగు తేలుతూనే ఉంటుంది. అందుకని అదే సిమెంటు, అదే ఇసుకతో చిన్న బిళ్ళ పోసి, పూర్తిగా ఆరాక పాతదాని పక్కన పెట్టి పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి చూస్తాడు. ఇటుక ఎరుపు ఎంత ముచ్చటగా ఉన్నా బూడిద చప్టా పక్కన నప్పదు. నాపరాయి ఛాయ, నల్లపొడి నీడ అయితే ఇమిడిపోతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చేది పట్టీ. అచ్చును పాత అంచు దాకా లాక్కురాకుండా, మధ్యలో ఒక అడుగు వెడల్పున కొత్త కాంక్రీటునే సాదాగా వదిలి, పాతదానికున్నట్టే చీపురు గీతలు లాగుతాడు. కన్ను ముందు సాదా నుంచి సాదాకు వచ్చి, ఆ తర్వాతే అచ్చులోకి దిగుతుంది. రెండు పోతల నడుమ ఫోమ్ పట్టీ తప్పదు. ఎండకు సాగి చలికి కుంచించుకునే పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుంటే పగులుతాయి. పాత చప్టాలోని కోత గీతకు ఎదురుగానే కొత్త కోత పడాలి. నాలుగంగుళాల మందానికి ఎనిమిది నుంచి పదడుగులకొక గీత, లోతు మందంలో పావు వంతు. ఆ గీత అచ్చులోని రాతి సందులోనే వచ్చేటట్టు ముందే లెక్క వేసుకున్నవాడికి దండం పెట్టాలి.

పాత కట్టడానికి కొత్త పని చేర్చిన చేతులు ఈ నేలకు కొత్త కాదు. జగ్గయ్యపేట ధనంబోడు స్తూపాన్ని 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ పరిశీలించాడు. దాని చుట్టుపలకలు చాలావరకు సాదావే. క్రీస్తుపూర్వపు ఆ స్తూపానికి, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, సిద్ధార్థుడనే శిల్పి తూర్పు ద్వారం దగ్గర ఐదు ఆయక స్తంభాలు (స్తూపం వేదిక మీద నిలిపే స్తంభాలు) నిలిపాడు. తండ్రి నాగచంద్రుడూ శిల్పే. వందల ఏళ్ళ తర్వాత చేసిన చేర్పు అది. దాన్ని దాచకుండా తన పేరు, తన వాళ్ళ పేర్లు శాసనంలో చెక్కించాడు. పాతదాన్ని గౌరవించడమంటే కొత్తదాన్ని దాచిపెట్టడం కాదని నేననుకునేది ఇలాంటివి చూసే.

ఇక అదుముడు వేళ. వేలు నొక్కితే పావు అంగుళం గుంట పడాలి, వేలికి ముద్ద అంటకూడదు. నందిగామ ఎండల్లో ఆ వ్యవధి బహు తక్కువ. తెల్లవారకముందే పోత మొదలుపెట్టి, ఒక్క విడతలో అదమగలిగినంతే పోస్తారు. బిగుసుకుపోతోందని పైన నీళ్ళు చిలకరిస్తే రంగు వెలుస్తుంది, పొర లేస్తుంది. గోడవారన గట్టి చాపలు ఆనవు, అక్కడ మెత్తని పలుచటి చాప వేసి, గీతలను చేత్తో దిద్దుకోవాలి. ఈలోగా పాత చప్టాకు ప్లాస్టిక్ కప్పకపోతే రంగుపొడి దానికి పట్టి ఒక పట్టాన వదలదు.

చివరి పని సీలర్. నిగనిగలాడేది పూస్తే కొత్త భాగం ఎప్పుడూ తడిసినట్టుంటుంది, పక్కనున్న పాతది ఇంకా వెలిసినట్టు కనిపిస్తుంది. మెరుపు లేని రకం తెచ్చి, డబ్బు ఇచ్చింది కొత్తదానికే అయినా, బ్రష్షును పాత చప్టా మీద కూడా నడిపించే మేస్త్రులున్నారు.