మడికట్టి కొలిచేదీ, సూత్రంలో తేల్చేదీ

మా కొత్తచెరువు వైపు శెనక్కాయ రైతును కదిపితే పంట నష్టాన్ని రెండు రకాలుగా లెక్కగడతారని చెప్తాడు. అధికారులొచ్చి చేలో కొలత ప్రకారం ఒక మడి గుర్తుపెట్టి, చెట్లు పీకించి, కాయలు తూకం వేయించడం ఒకటి. చేను మొహమే చూడకుండా వాన ఎంత పడింది, ఎన్నాళ్లు ఎండగట్టింది అని సూత్రంలో వేసి తేల్చడం రెండోది. మొదటిదాంట్లో మడి ఎక్కడ పడిందని గొడవ, రెండోదాంట్లో వాన కొలిచే యంత్రం ఎక్కడుందని గొడవ. నేను చదివిందీ, పిల్లలకు చెప్పిందీ న్యూక్లియర్ ఫిజిక్స్. అక్కడా ఇదే పేచీ. కాయల బదులు న్యూట్రాన్లు, అంతే.

న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు కాబట్టి డిటెక్టర్‌లోంచి ఆనవాలు లేకుండా దాటిపోగలదు. అది దేన్నో తాకాలి, ఆ తగిలిన దాన్ని మనం పట్టుకోవాలి. 1932లో చాడ్విక్ చేసిందీ అదే. పొలోనియం ఆల్ఫాలు బెరీలియంను కొట్టినప్పుడు బయటికొచ్చేదేమిటో, మైనంలోంచి ఎగిరిపడిన ప్రోటాన్లను చూసి నిర్ధారించాడు. తర్వాత లివర్‌పూల్‌లో ఆయన దగ్గర పనిచేసినవారిలో భీమవరం దగ్గర గొరగనమూడిలో పుట్టిన స్వామి జ్ఞానానంద ఒకరు. హిమాలయాల్లో సాధన చేసిన సన్యాసి, ప్రేగ్‌లో ఎక్స్‌రే స్పెక్ట్రోస్కోపీ, ఆపైన చాడ్విక్ దగ్గర బీటా కిరణాలు. 1950ల్లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యూక్లియర్ ఫిజిక్స్ విభాగాన్ని నిలబెట్టారు.

ఆ వాల్తేరు ల్యాబ్‌లోనే 1970ల్లో యాంటిమొనీ, బెరీలియం జతతో న్యూట్రాన్లు పుట్టించి చాలా మూలకాల మీద కొలతలు తీశారు. ఆ జతలో ఒక ముచ్చట ఉంది. బెరీలియం నుంచి న్యూట్రాన్ ఊడాలంటే కనీసం 1,665 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. యాంటిమొనీ-124 ఇచ్చే గామా 1,691. చిల్లర 26 మిగులుతుంది. అందులో కాస్త, న్యూట్రాన్ ఊడాక మిగిలిన బెరీలియం-8 పంచుకోగా న్యూట్రాన్‌కు దక్కేది సుమారు 23. దాదాపు ఒకే శక్తి ఉన్న న్యూట్రాన్లు, పెద్ద యంత్రమేదీ లేకుండా! చేతిలో డబ్బు లేని ల్యాబులకు ఇది వరం. యాంటిమొనీ-124కు సగం ఆయువు, అంటే ఉన్నది సగమయ్యే కాలం, రెండు నెలలే. అదొక్కటే ఇబ్బంది.

విద్యార్థులకు మాత్రం అమెరీషియం, బెరీలియం కలిపిన సోర్సు ఇస్తారు. మైనం నింపిన డ్రమ్ములో అది కూచుంటుంది. దాని పక్కన వెండి రేకు పెట్టి, కాసేపాగి తీసి, గైగర్ కౌంటర్ కిందికి చేర్చాలి. నడిచి కాదు, పరుగున! వెండి-110 సగం ఆయువు 24 సెకన్లు. దారిలో ఎవరైనా పలకరించి, నువ్వు బదులిచ్చావా, లెక్కించాల్సిన దాంట్లో మంచి భాగం అయిపోయినట్టే. వెండి-108 రెండున్నర నిమిషాల దాకా ఆగుతుంది కనుక అదే కాస్త ఊరట.

కౌంటర్ మీద అంకె పడినంత మాత్రాన సోర్సు నుంచి సెకనుకు ఎన్ని న్యూట్రాన్లు వస్తున్నాయో తెలిసిపోదు. రేకులో ఎన్ని ఆగాయి, మైనం ఎన్నింటిని మింగింది, కౌంటర్ ఎన్నింటిని చూడలేకపోయింది, అన్నీ సరిచూడాలి. ప్రామాణిక ప్రయోగశాలలు ఇందుకు మాంగనీస్ సల్ఫేట్ ద్రావణం నింపిన పెద్ద తొట్టి మధ్యలో సోర్సును వేలాడదీస్తాయి. ముంబయి భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్)లో అలాంటిది ఉంది. న్యూట్రాన్‌ను పట్టిన మాంగనీస్-55 కాస్తా మాంగనీస్-56గా మారి, రెండున్నర గంటల సగం ఆయువుతో గామాలు వదులుతుంది. వాటిని లెక్కిస్తారు. కానీ నీళ్లలోని హైడ్రోజన్ పెద్ద వాటానే కాజేస్తుంది, గంధకం కొంత తింటుంది, కొన్ని తొట్టి దాటి పోతాయి. ఆ వాటాలు ఎంతెంతో చెప్పేది, ఒక్కో న్యూట్రాన్ దారిని పాచికలేసినట్టు కంప్యూటర్‌లో నడిపించి చూసే మాంటీ కార్లో పద్ధతి. అంటే కొలత అనుకున్న దాని కడుపులోనే ఒక మోడల్ ఉంది. మోడల్ అనేదేమో పాత కొలతలు తిని బతుకుతుంది. వీటిలో ఒకటి శుద్ధమైనది, రెండోది ఊహ అని విడదీసి మాట్లాడేవాళ్లు ఈ పని చేసి ఉండరు.

నాకు గిట్టనిది ఒకటుంది. మోడల్ అంకె, కొలిచిన అంకె కలవకపోతే ఏదో ఒక పరామీటర్ కాస్త తిప్పి కలిపేసి, మోడల్ అద్భుతంగా సరిపోయిందని రాయడం. అమెరీషియం సోర్సునే తీసుకోండి. పది లక్షల ఆల్ఫాలు బయలుదేరితే అరవై, డెబ్బై న్యూట్రాన్లు పుడతాయి. అమెరీషియం ఆక్సైడ్ రేణువు కాస్త లావైతే, ఆల్ఫా బెరీలియంను చేరకముందే అందులోనే నీరసించి ఈ సంఖ్య తగ్గుతుంది. రేణువు సైజు తెలియనప్పుడు నచ్చిన సైజు వేసి జవాబు రప్పించవచ్చు. అలా వచ్చిన ఏకీభావానికి నేనైతే సున్నా మార్కులు వేస్తాను.

కొలవడమే గగనమయ్యే చోట్లూ ఉన్నాయి. పెనుకొండ గుట్టల్లాంటి గ్రానైట్‌లో పదిలక్షల వంతులకు కొన్ని వంతుల చొప్పున యురేనియం, థోరియం ఉంటాయి. వాటి ఆల్ఫాలు రాతిలోని అల్యూమినియం, సోడియం, ఆక్సిజన్ వగైరాలను తాకితే న్యూట్రాన్లు పుడతాయి, గ్రాముకు ఏడాదికి ఏవో కొన్ని. గుట్ట మీదే కూచుని వాటిని లెక్కపెడదామంటే, కాస్మిక్ కిరణాల వల్ల ఆకాశం నుంచి వచ్చేవి అరచేతి మీదే గంటకు బోలెడు పడుతుంటాయి. రాతివి వాటిలో కలిసిపోతాయి. అందుకే చీకటి పదార్థం కోసం వెతికేవాళ్లు జార్ఖండ్‌లోని జాదుగూడ గనిలో 555 మీటర్ల లోతున చోటు చూసుకున్నారు. అంత లోతులో ఆకాశపు బెడద బాగా తగ్గి, రాతి న్యూట్రాన్లే ప్రధానమవుతాయి. కొత్త గనిలో పరికరం పెట్టకముందే వాటిని అంచనా కట్టాలంటే, రాతి ముక్కలో యురేనియం ఎంతుందో గామాల ద్వారా తేల్చి, మిగతాది కంప్యూటర్ కోడ్‌కు అప్పగిస్తారు. ఆ కోడ్ వాడే ఆల్ఫా, న్యూట్రాన్ పట్టికల్లో కొన్ని మూలకాలకు ఉన్నవి దశాబ్దాల నాటి కొలతలు, అవీ ఒకదానితో ఒకటి పొసగనివి. వాటిని మళ్లీ కొలిచే పని ఇప్పుడు నడుస్తోంది. వెండి రేకు పట్టుకుని పరుగెత్తిన కాళ్లకు ఇంకా పని ఉన్నట్టే.