ఈర్ష్య – అసూయ: ‘స్వాతికిరణం’లో కళాకారుని దాంపత్యం

తరువాతి కాలంలో కొల్లాపూర్ రాజధానిగా వర్ధిల్లిన జటప్రోలు సంస్థానానికి తెలుగు ప్రబంధచరిత్రలో ఒక స్థానం ఉంది. ఆ సంస్థానాధీశుడైన సురభి మాధవరాయలు స్వయంగా ‘చంద్రికాపరిణయము’ రచించాడు. పేరు సూచించినట్లే అక్కడ ఫలసిద్ధి పరిణయమే. మన ప్రబంధాలలో అధికభాగానిది ఇదే మార్గం. విరహమంతా వివాహానికి ముందే. వివాహానంతర సంక్షోభం కావ్యవస్తువు కావడం అరుదు. కె. విశ్వనాథ్ దర్శకత్వం వహించిన ‘స్వాతికిరణం’ (1992) ఆ అరుదైన వస్తువును ఒక ప్రఖ్యాత గాయకుని ఇంట నిలిపి చూపింది. గురుశిష్యకథగానే పరిగణింపబడుతున్న ఈ చలనచిత్రాన్ని దాంపత్యకథగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇందుకు అలంకారశాస్త్రంలోని ఒక భేదం ఉపకరిస్తుంది. ఈర్ష్య ప్రణయాశ్రితం. ప్రియుడు అన్యాసక్తుడన్న శంకతో నాయికలో మానాన్ని కలిగించి, విప్రలంభశృంగారానికి అంగమవుతుంది. అసూయ పరోత్కర్షను సహింపలేని గుణం. 33 వ్యభిచారిభావాలలో ఒకటి. నంది తిమ్మన ‘పారిజాతాపహరణము’లోని సత్యభామది ఈర్ష్య. నారదుడు తెచ్చిన పువ్వు రుక్మిణికి దక్కినందుకు ఆమె అలిగింది. ఆ అలుక పువ్వు కోసం కాదు, భర్త హృదయంలో తన స్థానం కోసం. అందువల్లనే పారిజాతవృక్షాన్నే తెచ్చి ఇస్తానని భర్త మాట ఇవ్వడంతో అలుక తీరింది. ఈర్ష్యకు అనునయమే మందు. అసూయకు అనునయం చాలదు. ఎదుటివాని ప్రతిభ ఉన్నంతకాలం అది రగులుతూనే ఉంటుంది.

‘స్వాతికిరణం’లో అనంతరామశర్మను దహించినది ఈ రెండవదే. బాలుడైన గంగాధరం ప్రతిభ ముందు తన విద్వత్తు వెలవెలబోయిందని శర్మ గ్రహించాడు. అతనిని శిష్యునిగా చేరదీసి, అతని సృజనను తనదిగా చెప్పుకొనే స్థితికి దిగజారాడు. అయితే కథ అంతటితో ఆగదు. శర్మ భార్య శారద ఆ బాలుని కన్నకొడుకులా అక్కున చేర్చుకుంది. సభలో కీర్తిని, ఇంట్లో ఆప్యాయతను ఒక్క బాలుడే పంచుకున్నాడు. శర్మ అసూయలో ఈర్ష్య కూడా కలిసిపోయిన ఘట్టం ఇదే. సంప్రదాయం నాయికకు కేటాయించిన భావం ఇక్కడ నాయకునికి సంక్రమించింది. సత్యభామకు అలిగే చొరవ ఉంది. శారదకు అదీ లేదు. లోకమంతా పూజించే భర్త లోపం ఇంట్లో ఆమెకు మాత్రమే కనబడుతుంది. దానిని బయటపెడితే భర్త పరువు, దాచితే బిడ్డ భవిష్యత్తు నష్టపోతాయి. ప్రఖ్యాతుని భార్య అనుభవించే సంకటానికి ఇంతకన్న తీవ్రమైన రూపం లేదు.

ఈ సంకటాన్ని చిత్రం గంగాధరం మరణంతో ఛేదించింది. ఇది విమర్శకు అవకాశమిచ్చే చోటు. పెద్దల దోషానికి పసివాడు బలికావడం కరుణరసాన్ని పోషించింది కాని, శారద తన భర్తకు ఏమి సమాధానం చెప్పవలసి ఉందో ఆ ప్రశ్నను దాటవేసింది. అయినా ముగింపులో సమాధానం పరోక్షంగా లభిస్తుంది. సర్వం కోల్పోయిన శర్మ, శారద నడిపే సంగీతపాఠశాలలో పిల్లల నడుమ విద్యార్థిగా కూర్చుంటాడు. భర్తగా, విద్వాంసునిగా పోగొట్టుకున్న స్థానానికి అతడు తిరిగి రాలేదు. అభ్యాసకునిగానే ఆమె సన్నిధికి వచ్చాడు. పరిణయంతో ముగిసే ప్రబంధానికి, పాఠంతో ముగిసే ఈ కథకు నడుమ ఉన్న దూరమే, కళాకారుని దాంపత్యాన్ని గురించి తెలుగు కథనం సాధించిన పరిణతి.