క్యాప్‌స్టోన్, థీసిస్: ప్రశ్న ఎవరిది?

మన దేశంలో ఆక్యుపేషనల్ థెరపీ పీజీ థీసిస్‌ల పేర్లు వరసగా చదువుతూ పోతే ఒక అచ్చు కనిపిస్తుంది. ఫలానా జబ్బున్నవాళ్లకు ఫలానా థెరపీ ఇస్తే ఫలానా సామర్థ్యం ఎంత పెరిగింది? పక్షవాతం, మిర్రర్ థెరపీ, చేతి కదలిక. సెరిబ్రల్ పాల్సీ, సెన్సరీ ఇంటిగ్రేషన్, నిలకడ. జబ్బు మారుతుంది, థెరపీ మారుతుంది, అచ్చు మారదు. అమెరికాలో ఇదే వృత్తిలోకి డాక్టరేట్ దారిన వచ్చేవాళ్లు ఆఖర్న క్యాప్‌స్టోన్ ప్రాజెక్టు చేస్తారు. వాటి తీరు వేరు. వృద్ధాశ్రమంలో జారిపడటాలు తగ్గించే కార్యక్రమం ఒకరిది. ఇల్లూవాకిలీ లేనివాళ్ల వసతిగృహంలో వంట, డబ్బు లెక్కలు నేర్పే తరగతులు ఇంకొకరివి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల తల్లులకు చిన్న చేతిపుస్తకం మరొకరిది.

రెండూ ఒకే మెట్టు చదువులు కావు. మన ఎంఓటీ అంటే డిగ్రీ మీద చేసే రెండేళ్ల పీజీ. వాళ్ల ఓటీడీ పేరుకు డాక్టరేటే గానీ పీహెచ్‌డీ కాదు, ప్రాక్టీసులో అడుగుపెట్టడానికే ఇచ్చే పట్టా. అయినా రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడటంలో న్యాయం ఉంది. విద్యార్థి కాలేజీ వదిలేముందు సొంతంగా మోసే పెద్ద బరువు అక్కడ క్యాప్‌స్టోన్, ఇక్కడ థీసిస్.

అమెరికాలో ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ ఏకోట్. అది 2018లో ఖరారు చేసి 2020 జూలై 31 నుంచి అమలు చేసిన ప్రమాణాల్లో క్యాప్‌స్టోన్‌కు 14 వారాలు, అంటే 560 గంటలు పెట్టింది. అంతకుముందు 2011 ప్రమాణాల్లో 16 వారాలు, 640 గంటలు ఉండేవి. పాఠాలూ, 24 వారాల రెండో దశ ఫీల్డ్‌వర్కూ ముగిశాకే ఇది మొదలవ్వాలి. ఎంచుకున్న చోటికి బయట గడిపే సమయం 20 శాతం, అంటే 112 గంటలు దాటకూడదు. వెనకటి ఉద్యోగానుభవాన్ని లెక్కలో వేసుకోమంటే కుదరదు. అక్కడికి వెళ్లకముందే విద్యార్థి ఆ చోటి అవసరాలేమిటో ఆరా తీయాలి, ఆ విషయం మీద వచ్చిన పరిశోధనలు చదవాలి, లక్ష్యాలు రాసుకోవాలి, ఫలితం ఎలా కొలుస్తాడో చెప్పాలి. ఇవన్నీ ఒప్పందపత్రంలోకి ఎక్కాలి. మెంటర్ ఆక్యుపేషనల్ థెరపిస్టే కానక్కర్లేదు, ఆ విషయంలో నైపుణ్యం ఉంటే చాలు. వసతిగృహం నడిపే సోషల్ వర్కరు కూడా మెంటరు కావచ్చన్నమాట. మొత్తం ప్రమాణాల్లో నాకు బాగా నచ్చిన వాక్యం ఇదే.

ఇదంతా కాగితం మీది మాట. నేల మీద దీన్ని నడిపించేది క్యాప్‌స్టోన్ కోఆర్డినేటర్. ప్రతి ఓటీడీ కోర్సులోనూ ఈ బాధ్యతకంటూ ఒక పూర్తికాలపు అధ్యాపకుడు ఉండి తీరాలని 2018 ప్రమాణాలు పట్టుబట్టాయి. ఆ పని ఎంత తలనొప్పో బయటివాళ్లకు తెలియదు. ఫీల్డ్‌వర్క్ అయితే ఆసుపత్రులు పాతవే, ఒప్పందాలు పాతవే, కొత్తగా వచ్చేది విద్యార్థే. క్యాప్‌స్టోన్‌లో ఒక్కో విద్యార్థికి ఒక్కో చోటు, ఒక్కో మెంటరు, ఒక్కో ఒప్పందం. నలభైమంది ఉన్న బ్యాచ్ అనుకోండి. ఒకచోట ఒప్పందం వాళ్ల లాయర్ల బల్ల మీద నెలల తరబడి కదలదు. ఇంకోచోట మెంటరు మూడో వారంలో ఉద్యోగం మానేస్తాడు. మరొకచోట విద్యార్థి చేయదలచింది ఒకటి, అక్కడివాళ్లకు కావలసింది ఇంకొకటి; ఇద్దర్నీ కూర్చోబెట్టి మధ్యేమార్గం చూడాలి. కొన్నిచోట్ల అయితే ఊరికే దొరికిన మనిషి కదా అని ఫైళ్లు సర్దే పని అప్పజెబుతారు. అది మర్యాదగానే వద్దని చెప్పాలి, ఎందుకంటే వచ్చే ఏడు మళ్లీ ఆ గుమ్మమే తొక్కాలి.

మన దగ్గర ఈ చాకిరీ చేసే మనిషి లేడు. ఉన్నదల్లా గైడు. ఆయన పాఠం చెబుతాడు, ఓపీలో పేషెంట్లను చూస్తాడు, పరీక్ష పేపర్లు దిద్దుతాడు, ఆ మధ్యలోనే థీసిస్‌లూ చూస్తాడు. విషయం చాలాసార్లు ఆయన గదిలోనే పుడుతుంది, పేషెంట్లు ఆయన ఓపీలోనే దొరుకుతారు. దీన్ని తప్పనడానికి లేదు. ఉన్న మనుషులతో, ఉన్న టైములో ఇంతకంటే ఏం చేస్తారు? కాకపోతే ఎవరు ఓపీ దాకా రాగలిగారో వాళ్లే శాంపిల్ అవుతారు. రానివాళ్ల సంగతి థీసిస్‌లోకి ఎక్కదు.

ఒక్క థీసిస్‌ను దగ్గరగా చూద్దాం. పక్షవాతం వచ్చిన మనిషి ముందు బల్ల మీద అద్దం నిలబెడతారు. పనిచేయని చెయ్యి అద్దం వెనక, బాగున్న చెయ్యి ముందు. మంచి చెయ్యి ఆడిస్తుంటే అద్దంలో పడిపోయిన చెయ్యే ఆడుతున్నట్టు కనిపిస్తుంది. కొన్ని వారాలు ఇలా చేయించి, ముందూ తర్వాతా ఫ్యూగల్-మేయర్ స్కేలు మీద కొలుస్తారు. చేతికి మొత్తం 66 మార్కులు. సగటున ఇన్ని మార్కులు పెరిగాయి, తేడా కాకతాళీయం కాదు, థీసిస్ అయిపోయింది. ఆ మనిషి పప్పూ అన్నం కలుపుకుని ముద్ద నోటిదాకా తెచ్చుకోగలిగాడా అన్నది ఆ 66లో ఎక్కడా లేదు. మన వృత్తి పుట్టిందే ఆ ముద్ద కోసం. పేషెంటు తనకు కావలసిన పనిని తానే చెప్పి, అదెంత ముఖ్యమో, తానెంత బాగా చేయగలుగుతున్నాడో, దానితో ఎంత తృప్తిగా ఉన్నాడో పదికి మార్కులు వేసుకునే కెనడా కొలమానం 1990ల నుంచీ ఉంది. అది వాడే గైడ్లూ లేకపోలేదు. కానీ వైవాలో ఫ్యూగల్-మేయర్‌కు ఉన్న దర్జా దానికి రాలేదు.

ఇంత చెప్పినా థీసిస్‌ను తీసిపారేయలేం. ఎథిక్స్ కమిటీ గుమ్మం దాటాలి, శాంపిల్ ఇంతే ఎందుకో లెక్క చూపాలి, క్లినికల్ ట్రయల్ అయితే దేశంలోని ట్రయల్స్ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు చేయాలి. 2018 ఏప్రిల్ నుంచి అక్కడ పేషెంట్లను చేర్చుకోకముందే నమోదు కావాలి. పని అయ్యాక వెళితే తీసుకోరు. ఆఖర్న బయటినుంచి పరీక్షకుడు వస్తాడు. కంట్రోల్ గ్రూప్ ఏదమ్మా అని అడుగుతాడు. ఆ ఒక్క ప్రశ్నకు తట్టుకోవడానికి విద్యార్థి ఏడాదిపాటు జాగ్రత్తగా ఉంటుంది.

క్యాప్‌స్టోన్‌కు ఆ భయం తక్కువ. చాలా ప్రాజెక్టులు కార్యక్రమ మూల్యాంకనం, నాణ్యత మెరుగుదల అనే గొడుగు కిందికి వెళ్లిపోతాయి కాబట్టి ఎథిక్స్ పరిశీలన కూడా తేలిగ్గా గడిచిపోతుంది. ఆఖరి వారంలో తొమ్మిదిమందికి ఒక ఫారం ఇస్తారు. ఈ తరగతి మీకు ఉపయోగపడిందా? తొమ్మిదిమందీ చాలా ఉపయోగపడిందని టిక్కు పెడతారు. మూడు నెలలు నవ్వుతూ తమ మధ్య తిరిగిన అమ్మాయికి ఎవరు మాత్రం లేదని రాస్తారు? ఆ ఫారం అబద్ధం కాదు, అలాగని దానితో ఏమీ తేలదు. మన వైవా పరీక్షకుడి చేతికి ఆ రిపోర్టు ఇస్తే పది నిమిషాల్లో చీల్చి చెండాడతాడు.

విద్యార్థి వెళ్లిపోయాక ఆ కార్యక్రమం ఏమవుతుందన్నది ఇంకో గుచ్చే ప్రశ్న. రిపోర్టు చివర దీన్ని ఎలా కొనసాగిస్తారన్న ముక్క తప్పకుండా రాస్తారు. ఎవరు కొనసాగిస్తారు, ఎవరి డ్యూటీ టైములో, ఎవరి జీతం మీద అన్నది ఆ ముక్కలో సాధారణంగా ఉండదు. మన థీసిస్ నల్ల రెక్సిన్ అట్టతో, బంగారు రంగు అక్షరాలతో డిపార్ట్‌మెంటు బీరువాలోకి వెళుతుంది. వాళ్ల చేతిపుస్తకం రింగు ఫైల్లో వసతిగృహం అలమర ఎక్కుతుంది. దుమ్ము పట్టడంలో రెండు దేశాలకూ తేడా లేదు.

డబ్బు సంగతి కూడా అనుకోవాలి. ఆ 14 వారాలకూ సాధారణంగా జీతం ఉండదు, ఫీజు మాత్రం కట్టాలి. 2027 జూలై 1 నుంచి ఈ వృత్తిలోకి డాక్టరేట్ దారి ఒక్కటే ఉంటుందని ఏకోట్ 2017లో ప్రకటించింది. వృత్తిలోనే పెద్ద దుమారం రేగింది, నిర్ణయం అటకెక్కింది, 2019లో మాస్టర్స్ దారినీ ఉండనిచ్చారు. ఇవాళ మాస్టర్స్ చదివినవాళ్లూ, ఓటీడీ చదివినవాళ్లూ రాసేది ఒకే జాతీయ పరీక్ష, పొందేది ఒకే లైసెన్సు. మరి ఎక్కువ ఫీజు దేనికి అంటే కాలేజీలు ముందుగా చూపగలిగేది క్యాప్‌స్టోన్‌నే. తొమ్మిది ఫారాల మీద ఒక డాక్టరేట్ నిలబడుతుందా? కోఆర్డినేటరు గట్టివాడైతే నిలబడుతుంది. లేకపోతే అది ఖరీదైన ఇంటర్న్‌షిప్.

మన చదువుకు మూలమూ అమెరికానుంచి వచ్చిందే. ఫిలడెల్ఫియాలో చదువుకున్న అమెరికా మహిళ కమలా నింబ్‌కర్ 1950లో బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో తొలి బడి పెట్టారు. ఈ వృత్తివాళ్ల అఖిల భారత సంఘం 1952లో ఏర్పడింది. కానీ థీసిస్ దగ్గరికి వచ్చేసరికి మనది వైద్య కళాశాల పోలిక, ఎండీ, ఎంఎస్ థీసిస్‌ల వరస. 2021 నాటి చట్టంతో ఆక్యుపేషనల్ థెరపీ లాంటి ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ వచ్చింది, పాఠ్యప్రణాళికలు మళ్లీ రాస్తున్న కాలమిది. ఈ సందులో డాక్టరేట్ అన్న పేరును అరువు తెచ్చుకోవాలన్న మోజు మనవాళ్లకు కలగడం ఖాయం. తెచ్చుకోవలసింది ఆ పేరు కాదు, ఆ కోఆర్డినేటరు కుర్చీ. వైవా పరీక్షకుణ్ణి మాత్రం వదులుకోకూడదు.

ఆ కుర్చీ ఉంటే ఏం చేయొచ్చో చూడటానికి రెండు తెలుగు రాష్ట్రాల్లో మండలాల్లో ఉన్న భవిత కేంద్రాలనే తీసుకోండి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలు అక్కడికి వస్తారు, ఫిజియోథెరపీ కొన్ని రోజుల్లోనే ఉంటుంది. మిగతా రోజుల్లో పిల్లాణ్ణి ఎలా కూర్చోబెట్టాలి, అన్నం ఎలా తినిపించాలి అని తల్లి అడిగేది అక్కడి ఐఈఆర్‌పీ (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్) టీచరునే. ఓటీ విద్యార్థి అక్కడ 14 వారాలుంటే ప్రశ్న వెతుక్కోనక్కర్లేదు, తల్లులే అడుగుతారు. ఒప్పందం మీద విద్యాశాఖ తరఫున ఎవరు సంతకం పెడతారో తేల్చాలి. అదైనా తిరగ్గా తిరగ్గా తేలుతుంది. అసలు చిక్కు మెంటరు దగ్గర. ఆ కేంద్రం గురించి అందరికంటే బాగా తెలిసింది ఆ టీచరుకే. ఆమె పేరు కో-గైడు గడిలో రాయడానికి మన పీజీ నిబంధనలు ఒప్పుకోవు, అక్కడ పీజీ అధ్యాపకుడి పేరే ఉండాలి.