లోవుడ్ బడిలో ఒకే మగ్గు

'జేన్ ఎయిర్' (1847) అనగానే మనకి ముందు గుర్తొచ్చేది పై అంతస్తు గదిలో బందీగా ఉన్న బెర్తా. 1979లో గిల్బర్ట్, గుబార్ల పుస్తకం వచ్చాక స్త్రీవాద విమర్శ చాలావరకు ఆ గది తలుపు దగ్గరే నిలబడింది. ఈసారి చదువుతుంటే నన్ను ఆపేసింది మాత్రం లోవుడ్ బడి. అక్కడ పిల్లలందరూ ఒకే మగ్గుతో నీళ్ళు తాగుతారు. మంచానికి ఇద్దరు పడుకుంటారు. ఆరుగురికి ఒకటే బేసిన్. వసంతంలో టైఫస్ వస్తుంది. 80 మందిలో 45 మంది ఒకేసారి మంచం పడతారు.

టైఫస్‌ని మోసుకొచ్చేది పేలని 1909లో గానీ తేలలేదు. షార్లెట్ బ్రాంటీ తన కాలపు నమ్మకం ప్రకారం లోయలోని పొగమంచుని తప్పుపడుతుంది. కానీ అక్కడితో ఆగదు. అర్ధాకలి, ఎవరూ పట్టించుకోని జలుబులు పిల్లల్ని ముందే జబ్బుకి అప్పగించాయంటుంది. అణకువ నేర్పే పేరుతో ఆడపిల్లల కడుపు మాడ్చిన బ్రాకిల్‌హర్స్ట్‌ని బోనెక్కిస్తుంది. ఆయన కూతుళ్ళకి పట్టుబట్టలు, బడిపిల్లలకి కత్తిరించిన జుట్టు.

ఇది ఉత్త కల్పన కాదు. పేద మతాచార్యుల కూతుళ్ళ కోసం విలియం కారస్ విల్సన్ 1824లో కోవన్ బ్రిడ్జ్‌లో తెరిచిన బడిలో బ్రాంటీ అక్కచెల్లెళ్ళు నలుగురు చేరారు. 1825 వసంతంలో అక్కడ జ్వరాలు వ్యాపించాయి. 11 ఏళ్ళ మరియా మేలో, 10 ఏళ్ళ ఎలిజబెత్ జూన్‌లో, జబ్బుతో ఇల్లు చేరి క్షయతో పోయారు. 1857లో గాస్కెల్ రాసిన షార్లెట్ జీవితచరిత్ర ఈ సంగతి బయటపెడితే, విల్సన్ మంచితనాన్ని సమర్థిస్తూ పెద్ద గొడవే జరిగింది. దాత పరువు ముందు పిల్లల చావు చిన్నదైపోయింది.

నవలలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది జేన్ సంతోషం. జ్వరాల రోజుల్లో ఆమె అడవంతా తిరుగుతుంది, కడుపునిండా తింటుంది. జబ్బుపడ్డవాళ్ళు తినలేరు కనక ఉన్నవాళ్ళకి ఎక్కువ వడ్డిస్తారు. అదే ఇంట్లో హెలెన్ క్షయతో చనిపోతూ ఉంటుంది. బతికి బయటపడ్డ చెల్లెలు 22 ఏళ్ళ తర్వాత దాచకుండా ఒప్పుకున్న మాటలా వినిపిస్తుంది నాకిది.

తర్వాత బడులు ప్రభుత్వ నిబంధనల కిందికొచ్చాయి. 1862 నుంచి గ్రాంటు హాజరుతో ముడిపడింది. 1880లో ఇంగ్లండ్‌లో చిన్నపిల్లలకి హాజరు తప్పనిసరైంది. అంటురోగాల సమాచారం ఇవ్వాలని 1889లో వచ్చిన చట్టం స్కార్లెట్ జ్వరాన్నీ డిఫ్తీరియానీ చేర్చింది, తట్టుని వదిలేసింది. బడి నడవాలంటే బెంచీలు నిండాలి. బెంచీ మీద కూర్చున్న పిల్ల ఒంట్లో ఎలా ఉందన్నది తర్వాతి మాట.

హెలెన్ సమాధి మీద 15 ఏళ్ళు గడ్డే పెరిగింది. తర్వాత ఎవరో రాయి పెట్టించారు. ఎవరో జేన్ చెప్పదు. చెప్పక్కర్లేదు కూడా.